సోర్స్ కోడ్ అడిగేవాళ్లతో జాగ్రత్త

ఈ మధ్య కొందరికి కొత్త జబ్బు పట్టుకుంది. ప్రభుత్వాలు ఫ్రీ సాఫ్ట్‌వేరే వాడాలట, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు పాఠం, ఎవరైనా తెరిచి చదువుకునేలా, తప్పుంటే దిద్దుకునేలా ఉండాలట. మా డబ్బుతో రాయించిన కోడ్ మాకు చూపించడానికేం అని వీళ్ల వాదన. ఇలా అలుసిస్తే రేపు రోడ్డు కాంట్రాక్టు ఎస్టిమేట్లు కూడా అడుగుతారు.

మన తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక బ్రహ్మాండమైన ఏర్పాటుంది. రకరకాల శాఖల రికార్డులన్నీ ఒకచోట పోసి, పేర్లూ అడ్రసులూ పోల్చి చూసి, ఫలానా మనిషి పేదవాడా కాదా అన్నది కంప్యూటరే చెప్పేస్తుంది. పూర్వం ఇదే పనికి ఎవరో ఒక ఉద్యోగి ఎండలో గుమ్మం దాకా వచ్చి, పైకప్పు వంక చూసి, పొయ్యి వంక చూసి, మజ్జిగ తాగి వెళ్లాల్సి వచ్చేది. ఎంత టైం వేస్టు! 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వాటిలో కంప్యూటర్ తేల్చినవెన్ని, మనుషులు తేల్చినవెన్ని అని అడక్కండి. నోటీసైనా ఇవ్వలేదని కొందరు గోల పెట్టారు కానీ, షాపుకెళ్తే డీలర్ చెప్తాడు కదా, "నీ కార్డు లేదమ్మా, పైనుంచే తీసేశారు" అని. అంతకన్నా నోటీసేముంటుంది?

హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకి కారుందని తేలింది. పేరు కాస్త దగ్గరగా ఉన్న ఇంకెవరిదో కారు. జన్మంతా రిక్షా తొక్కినా రాని కారు ఒక్క మ్యాచింగ్‌తో వచ్చేసింది, బియ్యం పోతే పోయాయి. ఆ మ్యాచింగ్ ఎలా చేశారో చూద్దామని సమాచార హక్కు కింద కోడ్ అడిగితే, హక్కులు దాన్ని తయారు చేసిన కంపెనీవి, ఇవ్వడం కుదరదన్నారు. సబబే. పేదవాడి ఆధార్, అడ్రసు, కరెంటు బిల్లు అందరికీ తెలియొచ్చు కానీ కంపెనీకి ప్రైవసీ ఉండొద్దూ?

అసలు ఈ పద్ధతి చట్టాలకి కూడా తేవాలని నా మనవి. శాసనసభ పాస్ చేసిన బిల్లుని గెజిట్‌లో అచ్చేసి ఊరంతా చదువుకోమనడం పాతకాలపు చాదస్తం. చట్టంలో ఏముందో రహస్యంగా ఉంచి, కింద "ఐ అగ్రీ" అని ఒక బటన్ పెడితే సరిపోతుంది, ఎలాగూ ఎవరూ చదవకుండానే నొక్కుతారు. జడ్జిగారు కూడా ఏ సెక్షనో చెప్పకుండా శిక్ష ఒక్కటే చదవాలి. సెక్షన్ తెలిస్తే దొంగలు దాన్ని స్టడీ చేసి తప్పించుకోరూ? కోడ్ బయటపెడితే హ్యాకర్లు దూరతారనే పెద్దమనుషుల లాజిక్కు కూడా ఇదే.

కేంద్రం మాత్రం 2015లోనే ఇలా కోడ్ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని పాలసీ తెచ్చింది. ఆ పాలసీ నిజంగానే ఓపెన్, ఎవరైనా చదువుకోవచ్చు, ఆఫీసుల్లో చదివినవాళ్లని మాత్రం నేను చూడలేదు. కరోనా కాలపు ఆరోగ్య సేతు యాప్‌ని ఎవరు తయారు చేశారని 2020లో అడిగితే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తన దగ్గర సమాచారం లేదంది, వెబ్‌సైట్‌లో తన పేరే ఉన్నా సరే. ఇంత వినయం ఎక్కడ దొరుకుతుంది?

ఇక 2025 జులైలో రష్యా కంపెనీకి వాటా ఉన్న నయారా ఎనర్జీకి జరిగింది చూడండి. రిఫైనరీ గుజరాత్‌లో, డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులు, యూరప్ వాళ్లు రష్యా మీద కోపంతో ఆంక్షలు పెడితే మైక్రోసాఫ్ట్ ఇక్కడ ఈమెయిల్ ఆపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కితే తర్వాత మళ్లీ ఇచ్చారు. రేపు సచివాలయానికి ఇలాగే జరిగితే? ఏం పర్లేదు, కేంద్ర ఉద్యోగుల ఈమెయిళ్లు ఇప్పుడు స్వదేశీ కంపెనీ జోహో చూసుకుంటోంది. దాని కోడ్ కూడా మనకి కనపడదు, కాకపోతే తాళం చెవి చెన్నైలో ఉంది, రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా వెళ్లి బతిమాలుకోవచ్చు. కేరళ వాళ్లయితే ఈ తంటాలేవీ లేకుండా ప్రభుత్వ బడుల్లో పిల్లలకి ఏళ్లుగా కోడ్ తెరిచి ఉండే లినక్స్ మీదే చదువు చెప్తున్నారు. బతకనేర్చినవాళ్లు కాదు.

సుప్రీంకోర్టు కూడా మన బాధ అర్థం చేసుకోలేదు. రద్దు చేసిన రేషన్ కార్డులన్నీ ఇళ్లకెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో చెప్పింది. ఏసీ గదిలో కంప్యూటర్ క్షణంలో చేసిన పనికి ఉద్యోగులు చెప్పులరిగేలా తిరగాల్సొచ్చింది. కంపెనీ వాళ్లని ఎవరూ తిరగమనలేదు, అదొక్కటే ఊరట.