కాలిఫోర్నియా ఎండ గెలవలేదు, డిక్ గూల్డ్ గెలిచారు

2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో నిశేష్ బసవారెడ్డి అనే 19 ఏళ్ల కుర్రాడు జొకోవిచ్‌తో ఆడి మొదటి సెట్ గెలిచినప్పుడు, అతని నెల్లూరు మూలాలను వెతికి పట్టుకోవడంలో మన మీడియా చూపిన చురుకుదనం అంతా ఇంతా కాదు. డిసెంబరులో ప్రొఫెషనల్‌గా మారే వరకు అతను ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నా దృష్టిలో అసలు వార్త అదే. నిశేష్ రెండేళ్లు స్టాన్‌ఫర్డ్ జట్టుకు ఆడాడు. అక్కడ అతని కోచ్ పాల్ గోల్డ్‌స్టీన్. ఆ గోల్డ్‌స్టీన్ 1995 నుంచి 1998 వరకు వరుసగా నాలుగేళ్లు అమెరికా జాతీయ కాలేజీ టైటిల్ గెలిచిన అదే స్టాన్‌ఫర్డ్ జట్టులో ఆటగాడు. అప్పటి కోచ్ పేరు డిక్ గూల్డ్. టెన్నిస్‌ను ఇష్టంగా చూసే మనవాళ్లలో కూడా ఈ పేరు విన్నవారు తక్కువ. వినవలసిన అవసరం మాత్రం మనకే ఎక్కువ.

గూల్డ్ 1966లో స్టాన్‌ఫర్డ్ పురుషుల జట్టు బాధ్యత తీసుకున్నారు. అంతకుముందు ఆయన దగ్గరలోనే ఉన్న ఫుట్‌హిల్ అనే రెండేళ్ల కాలేజీలో టెన్నిస్ నేర్పేవారు. అప్పటికి స్టాన్‌ఫర్డ్‌కు ఒక్క జాతీయ జట్టు టైటిల్ కూడా లేదు. ఆ రోజుల్లో కాలేజీ టెన్నిస్ అంటే లాస్ ఏంజిలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాల మధ్య పోటీ. తొలి టైటిల్ 1973లో వచ్చింది. 2004లో కోచ్ పదవి వదిలే సమయానికి అవి 17 అయ్యాయి. 1998 జట్టు ఆడిన 28 మ్యాచ్‌లూ గెలిచి, మొత్తం సీజన్‌లో కోల్పోయినవి మూడే పాయింట్లు. ఈ పాయింట్ల లెక్క ఏమిటో కింద చెబుతాను.

రోస్కో టానర్, శాండీ మేయర్, జాన్ మెకన్రో, బ్రయాన్ కవలలు ఆయన శిష్యులని చెప్పి ఆయన గొప్పతనాన్ని తేల్చేయడం అలవాటు. నాకు అది అసంపూర్ణంగా తోస్తుంది. ప్రొఫెషనల్ కోచ్ ఒక ఆటగాడితో పదేళ్లు గడపవచ్చు, అతను గెలిచినంతకాలం తానూ గెలిచినట్టే. కాలేజీ కోచ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎంత మంచి ఆటగాడైనా నాలుగేళ్లకు పట్టా చేత్తో పట్టుకుని వెళ్లిపోతాడు. మరీ మంచివాడైతే ఇంకా ముందే వెళ్లిపోతాడు. మెకన్రో ఒక్క ఏడాదే ఉన్నాడు. 1978లో సింగిల్స్ టైటిల్, జట్టు టైటిల్ రెండూ గెలిచి వెళ్లాడు. తర్వాతి ఏడాది టైటిల్ రాలేదు గానీ 1980లో, 1981లో మళ్లీ వచ్చింది. 1998లో బాబ్ బ్రయాన్ సింగిల్స్, సోదరుడు మైక్‌తో కలిసి డబుల్స్, జట్టు టైటిల్ మూడూ గెలిచాక అన్నదమ్ములిద్దరూ ప్రొఫెషనల్ టెన్నిస్‌కు వెళ్లిపోయారు. రెండేళ్లు గడిచేసరికి, 2000లో, కొత్త జట్టు మళ్లీ జాతీయ విజేత. 38 ఏళ్లంటే నాలుగేళ్ల చొప్పున తొమ్మిది తరాలకు పైగా. ప్రతి తరాన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి, కట్టిన ప్రతిసారీ చేతులారా సాగనంపాలి.

కాలేజీ టెన్నిస్ నడిచే తీరు తెలిస్తే ఈ పని బరువు ఇంకా బాగా అర్థమవుతుంది. ఇప్పటి పద్ధతిలో రెండు జట్ల మధ్య మ్యాచ్‌కు ఏడు పాయింట్లు. మూడు డబుల్స్ ఆటల్లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు, ఆరు సింగిల్స్‌కు ఆరు పాయింట్లు. మొదటి నంబరు ఆటగాడి గెలుపుకూ ఆరో నంబరు ఆటగాడి గెలుపుకూ విలువ ఒక్కటే. అంటే ప్రపంచ స్థాయి ఆటగాడు ఒకడు దొరికినంత మాత్రాన ఏడింట ఒక వంతు పనే అయినట్టు. పురుషుల జట్టుకు చాలా ఏళ్లపాటు అనుమతించిన పూర్తి స్కాలర్‌షిప్పులు నాలుగున్నర మాత్రమే. ఆ నాలుగున్నరను ఎనిమిది, తొమ్మిది మందికి ముక్కలుగా పంచి, ఒకరికి సగం, ఒకరికి పావు ఇచ్చి, ఎవరి తల్లిదండ్రులూ అలగకుండా చూసుకోవాలి. దానికి తోడు దాతల దగ్గరికి వెళ్లి కోర్టులకు, గ్యాలరీలకు నిధులు తేవాలి, పిల్లలు పరీక్షలు తప్పకుండా కాపలా కాయాలి, పదిహేడేళ్ల కుర్రాడి ఆటలో ఇరవై ఒకటో ఏట ఏమి కనిపిస్తుందో ముందే పసిగట్టాలి. నన్నడిగితే గూల్డ్ అసలు ప్రతిభ ఆరో నంబరు ఆటగాడి ఎంపికలోనే ఉంది. 1998లో సీజన్ అంతటికీ పోయినవి మూడు పాయింట్లేనంటే ఆ జట్టు కింది వరుస ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

స్టాన్‌ఫర్డ్‌కు డబ్బుంది, పేరుంది, ఏడాది పొడవునా బయట ఆడుకునే వాతావరణం ఉంది, అక్కడ ఎవరున్నా గెలుస్తారు అనే వాదన ఒకటుంది. వినడానికి బాగుంటుంది. కానీ 1973కు ముందు కూడా ఆ ఎండే కాసింది, టైటిళ్లు సున్నా. 2000 తర్వాత కూడా ఆ పేరే ఉంది, ఆ డబ్బు ఇంకా పెరిగింది, పురుషుల జట్టుకు మరో జాతీయ టైటిల్ రాలేదు. గూల్డ్ తర్వాత కోచ్ అయిన జాన్ విట్లింజర్, 2014లో వచ్చిన గోల్డ్‌స్టీన్ ఇద్దరూ ఆయన శిష్యులే, సమర్థులే. ఈలోగా విదేశీ ఆటగాళ్ల రాకతో పోటీ బాగా పెరిగిందన్నది నిజమే, అది లెక్కలోకి తీసుకోవలసిందే. అయినా ఒకే స్థలం, ఒకే వనరులు, మధ్యలో ఒక మనిషి ఉన్నప్పుడు 17, లేనప్పుడు ఏమీ లేదు. దీన్ని వాతావరణం ఖాతాలో వేసేవారికి నేను చెప్పగలిగింది లేదు.

ఆ మనిషికి కాలం ఇచ్చారన్నది ఇందులో అసలు సంగతి. గూల్డ్‌కు తొలి టైటిల్ వరకు ఏడేళ్లు పట్టింది. జార్జియా విశ్వవిద్యాలయంలో డాన్ మగిల్ కథ ఇంకా విడ్డూరం. 1955లో కోచ్ అయిన మగిల్‌కు తొలి జాతీయ టైటిల్ 1985లో వచ్చింది, అంటే ముప్పై ఏళ్లకు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన ప్రాంతీయ టైటిళ్లు గెలిచారు, జాతీయ పోటీలను తమ ఊరికి రప్పించారు, అమెరికా దక్షిణాది పట్టణమైన ఏథెన్స్‌లో టెన్నిస్ చూడటానికి జనాన్ని అలవాటు చేశారు. 1988లో ఆయన దిగిపోతే తన దగ్గరే ఆడిన మాన్యుయెల్ డియాజ్ ఆ కుర్చీలో కూర్చుని 2024 వరకు ఉండి మరో నాలుగు టైటిళ్లు తెచ్చారు. దాదాపు 70 ఏళ్లలో ఇద్దరే కోచ్‌లు! ముప్పై ఏళ్లు జాతీయ కప్పు తేలేని కోచ్‌ను మన దగ్గర ఏ వైస్ ఛాన్సలర్ భరిస్తారు, ఏ మంత్రి ఊరుకుంటారు? మరో విశేషం కూడా చెప్పాలి. నిశేష్ ఆడిన ఆ ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు డైరెక్టర్ క్రెయిగ్ టైలీ ఒకప్పుడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ కోచ్. 2003లో ఒక్క ఓటమి లేకుండా జాతీయ టైటిల్ గెలిచిన ఆయన జట్టులో భారతీయ మూలాలున్న రాజీవ్ రామ్ ఒకడు. కాలేజీ కోచ్ ఉద్యోగం నుంచి గ్రాండ్‌స్లామ్ నిర్వహణ దాకా వెళ్లే దారి ఆ దేశంలో ఉంది.

ఇక మన సంగతి. విశాఖకు చెందిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. ఆ తర్వాతే 2014 ఏషియాడ్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడింది. వీళ్లను అంత దూరం పంపింది అమెరికా మీద మోజు అనుకుంటే పొరపాటే. పదిహేడేళ్లు దాటాక పుస్తకాన్నీ రాకెట్‌నూ కలిపి పట్టుకోనిచ్చే చోటు ఇక్కడ లేదు. మన డిగ్రీ కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) ఒక్కరే ఉంటారు. కబడ్డీకీ ఆయనే, అథ్లెటిక్స్‌కీ ఆయనే, ఆగస్టు పదిహేను కవాతుకీ ఆయనే. విశ్వవిద్యాలయ టెన్నిస్ జట్టంటే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు కొద్ది రోజుల ముందు సెలెక్షన్లు పెట్టి పోగుచేసే జట్టు, పోటీలు ముగిశాక ఎవరి దారి వారిదే. అంతకు ముందే, ఇంటర్‌లో, ఆట మైదానమే లేని కార్పొరేట్ కాలేజీ భవనంలో పొద్దున్నుంచి రాత్రి వరకు కూర్చోబెట్టి సగం మంది చేత రాకెట్ అటకెక్కిస్తున్నాం. మిగిలినవారి తల్లిదండ్రులు ప్రైవేటు అకాడమీల ఫీజులకూ ప్రయాణాలకూ పొలాలు, స్థలాలు అమ్ముకుంటున్నారు.

దీనికి జవాబుగా ఎవరైనా పుల్లెల గోపీచంద్‌ను చూపిస్తారు. నిజమే, తెలుగు నేల మీద ఒక కోచ్ సంస్థగా ఎదిగిన ఉదాహరణ అది. కానీ ఆల్ ఇంగ్లండ్ విజేత ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టుకోవలసి రావడం మన విశ్వవిద్యాలయాలు గర్వించదగిన విషయం కాదు. అలాంటి సాహసం చేయగలవారు తరానికి ఒకరు పుడతారు. గూల్డ్, మగిల్‌లు సాహసం చేయలేదు, ఉద్యోగం చేశారు. నెల జీతం, తగినంత వ్యవధి, ప్రొఫెసర్‌తో సమానమైన గౌరవం ఉన్న ఉద్యోగం.

ఆ అమెరికాలోనూ ఈ కుర్చీకి ఇప్పుడు గండం వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. తొలి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయం పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. ఆ ఖర్చు పూడ్చుకోవడానికి మొదట కత్తి పడేది టికెట్లు అమ్ముడుపోని టెన్నిస్ లాంటి ఆటల మీదే. ఒప్పందంలో చేరిన చోట్ల పురుషుల టెన్నిస్ జట్టులో పది మందికి మించి ఉండకూడదు. మన పిల్లలకు తెరుచుకున్న ఆ తలుపు రేపు సన్నబడితే ఇక్కడ ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్న రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ల ముందు ఉండాలి.

అడిగేది పెద్ద కోరిక కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గానీ ఉస్మానియా గానీ ఒక మాజీ జాతీయ స్థాయి ఆటగాడిని పదేళ్ల వ్యవధితో టెన్నిస్ కోచ్‌గా నియమించాలి. ఏటా ముగ్గురు నలుగురు పిల్లలను ఫీజు లేకుండా చేర్చుకునే అధికారం ఆ కోచ్‌కు ఇవ్వాలి. పోటీల కోసం పోయిన పరీక్షలను వేరే తేదీల్లో రాసుకోనివ్వాలి. డిగ్రీ పూర్తి చేయడం మాత్రం తప్పనిసరి చేయాలి. మొదటి ఏడేళ్లు పతకాల లెక్క ఎవరూ అడగకూడదు.