పన్ను ఊడిందా, అదృష్టవంతులే!

మిమ్మల్ని ఎవరైనా కొట్టడానికి వస్తే ముందు ఒక్క మాట అడగండి: "బాబూ, కాస్త ఎముక విరిగేలా కొడతావా?" మొహమాటపడితే తర్వాత మీకే ఇబ్బంది. ఒళ్లంతా కమిలేలా పిడిగుద్దులు గుద్దినా అది మామూలు గాయమే. మహా అయితే ఏడాది శిక్ష. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టరు. అదే ఒక్క పన్ను ఊడిందా, తీవ్ర గాయం! ఏడేళ్ల దాకా పడొచ్చు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి పన్నుకిచ్చిన ఈ హోదా, 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక కూడా చెక్కుచెదరలేదు.

అయితే ఊడగానే సరిపోదు, నిరూపించాలి. డాక్టరుగారు బోనెక్కుతారు. ముద్దాయి తరఫు వకీలుగారు అందుకుంటారు.

"ఈ పన్ను ముందే కదులుతూ ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"చెరకు గడ కొరికితే ఊడొచ్చా?"

"ఊడొచ్చు."

"మెట్ల మీంచి జారిపడితే?"

"ఊడొచ్చు."

"బోరింగు కొడుతుంటే హ్యాండిల్ తగిలి?"

"అలా కూడా ఊడొచ్చు."

ముద్దాయి గుద్దితే తప్ప ఇంకెలాగైనా ఊడగల పన్ను అది. పాపం, బాధితుడు నోరు తెరిచి ఖాళీ చూపించబోతాడు. ఎక్స్‌రే ఏదని వకీలుగారు కసురుకుంటారు.

పన్నూ ఊడక, ఎముకా విరక్కపోతే ఇంకో దారి ఉంది. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో విలవిల్లాడాలి, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవాలి. పాత చట్టంలో ఇరవై రోజులుండేది. అయిదు రోజులు డిస్కౌంట్ ఇచ్చారు, దణ్ణం పెట్టుకుందాం.

ఇప్పుడు, రావలసిన కూలి అడిగినందుకు ఆసామి చేతిలో తన్నులు తిన్న ఆడమనిషిని బోనులో నిలబెట్టండి. "నాలుగో రోజే పత్తి ఏరడానికి వెళ్లావా లేదా?" వెళ్లానంటుంది. అబద్ధం చెప్పడం చేతకాదు. అంతే, పనికి వెళ్లింది కాబట్టి దెబ్బ చిన్నదే! వాచిన చెయ్యి ఒడిలో పెట్టుకుని రెండో చేత్తో ఎందుకు ఏరిందో ఆ హాల్లో తెలియని మనిషి ఉన్నాడా? సిగ్గుండక్కర్లేదూ? పదిహేను రోజులు మంచమెక్కితే పొయ్యి ఎవడు వెలిగిస్తాడు? ఆ బాకీ కూలి వాడు పారేసి ఉంటే ఆమె ఇంటిపట్టునే పడి ఉండేది. డబ్బు ఎగ్గొట్టిందీ వాడే, కొట్టిందీ వాడే, పనికెళ్లింది కనక నొప్పి లేదని వాదిస్తున్నదీ వాడి వకీలే!