చవక ప్యాటర్న్ అసలు ఖర్చు

కుట్టు ప్యాటర్న్ (బట్ట కత్తిరించుకోడానికి వాడే కాగితం నమూనా) ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని సంబరపడేలోపే అసలు ఖర్చు మొదలవుతుంది. పీడీఎఫ్ తెరిస్తే ముప్పై నలభై పేజీలు. కత్తిరించాలి, అతికించాలి, అదో పూట పని. ఏ0 అనే పెద్ద కాగితం సైజు ఫైల్ కూడా ఇస్తే షాపులో ఒకే షీట్‌గా ప్రింట్ తీయించుకోవచ్చు కదా! ఇవ్వరు.

పేజీలేమో అమెరికాలో వాడే లెటర్ సైజుకి చేసి ఉంటాయి. ఏ4 వెడల్పు దానికన్నా 6 మి.మీ. తక్కువ. ప్రింటర్ 'ఫిట్ టు పేజ్'లో ఉంటే బొమ్మ మూడు శాతం దాకా కుంచించుకుపోతుంది. 36 అంగుళాల ఛాతీ 35 అవుతుంది. స్కేల్ 100 శాతం పెట్టి, మొదట టెస్ట్ చదరం (ప్రింట్ సైజు సరిచూసుకోడానికి కొలత రాసి ఇచ్చే గడి) ఉన్న పేజీ ఒక్కటే తీసి స్కేలుతో కొలవాలి. ఆ చదరమే పెట్టని మహానుభావులూ ఉన్నారు!

కుట్టు మార్జిన్ కలిపారో లేదో రాయరు. ముక్కని బట్ట నిలువు పోగుకి సరిగ్గా పెట్టుకోడానికి గీసే నిలువు పోగు గీత ఉండదు. చంక దగ్గర నాచ్‌లు (ముక్కలు కలిపే చోట పెట్టే చిన్న గుర్తులు) ఉండవు, చెయ్యి ముందువైపేదో వెనకవైపేదో మనమే ఊహించుకోవాలి. కుట్టాక వచ్చే కొలతలు అడిగితే శరీర కొలతల పట్టికే మళ్లీ పంపుతారు. లూజు ఎంత వదిలారో దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది?

గీత బొమ్మ లేకుండా నిగనిగలాడే ఫొటో ఒక్కటే ఉంటే కొనకండి. డార్ట్ (ఒంటి వంపుకి సరిపోయేలా బట్టని మడిచి కుట్టే చోటు) ఎక్కడుందో కూడా అందులో కనపడదు.