గంజాయికి లైసెన్సు వద్దు, పిల్లలకు జైలు వద్దు

నల్ల ముసుగులు వేసిన నలుగురైదుగురు కుర్రాళ్లు, ముందు బల్ల మీద గంజాయి పొట్లాలు, పక్కన సెల్‌ఫోన్లు, వెనుక వరుసగా పోలీసులు. కర్నూలు, అనంతపురం, కడప పేజీల్లో ఇలాంటి ఫొటో ఎన్నిసార్లు వేశామో మాకే లెక్కలేదు. వేసిన ప్రతిసారీ పాఠకుల నుంచి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. వీళ్లకు బెయిలు కూడా రాకుండా లోపల వేయాలన్నది ఒకటి. రెండోది చదువుకున్న యువత నుంచి వస్తోంది. కెనడాలో, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో గంజాయిని చట్టబద్ధం చేశారు కదా, ఇక్కడా మద్యం లాగే లైసెన్సు ఇచ్చి అమ్మితే దొంగ వ్యాపారం పోతుంది, దాంతోపాటు నేరాలూ పోతాయి కదా అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నను కొట్టిపారేయడం సరికాదు. గంజాయి మన దేశంలో మొదట్లో నేరం కాదు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ దేశమంతా తిరిగి వెయ్యి మందికి పైగా విచారించి, పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెడితే చాలు అని తేల్చింది. ఆ పద్ధతి దాదాపు 90 ఏళ్లు నడిచింది. 1961లో మాదక ద్రవ్యాలపై జరిగిన అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చాకే గంజాయి అమ్మకం, వాడకం నేరాలయ్యాయి. ఆ చట్టం కూడా మొక్క పూత, కాయ భాగాన్నే గంజాయి అంటుంది. విడిగా ఆకును అనదు. అందుకే ఉత్తరాదిలో ఆకుతో చేసే భంగు దుకాణాలు లైసెన్సుతో నడుస్తున్నాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి గంజాయిని అతి ప్రమాదకర మత్తుల పట్టికలోంచి తీసేస్తే భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది. కాబట్టి చట్టాన్ని మార్చాలనడం తప్పేమీ కాదు. మార్చితే నేరాలు తగ్గుతాయా అన్నదే తేల్చుకోవాలి.

మత్తుకూ నేరానికీ మధ్య ఉన్నది ఒకే ముడి కాదు. మత్తులో కొట్టుకోవడం, బండితో గుద్దేయడం, ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకోవడం ఒక రకం. మత్తు కొనడానికి డబ్బు లేక మెడలో గొలుసు తెంపుకుపోవడం, బైకు ఎత్తుకుపోవడం ఇంకో రకం. అమ్మేవాళ్ల మధ్య పోటీ, బెదిరింపులు, మామూళ్లు మూడో రకం. లైసెన్సు ఇస్తే ఈ మూడోది తగ్గే అవకాశం ఉంది. ధర పడిపోతే రెండోది కూడా కొంత తగ్గవచ్చు. మొదటిదాన్ని మాత్రం లైసెన్సు ఏమీ చేయలేదు. మద్యం చట్టబద్ధంగానే అమ్ముతున్నాం. తాగి చేసిన గొడవ లేని పోలీస్ స్టేషన్ మన జిల్లాల్లో ఒక్కటైనా ఉందా?

రాయలసీమ వాళ్లకు ఈ సంగతి బయటి దేశాలు చెప్పక్కర్లేదు. చట్టబద్ధమైన మత్తునూ, నిషేధించిన మత్తునూ రెండింటినీ మనం చూశాం. సారా పాటల రోజులు మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఏటా ప్రభుత్వమే వేలం పెట్టేది. పాట దక్కినవాడికి ఊళ్ల మీద పెత్తనం దక్కేది. ఎదుటివాడు పాటకు రాకుండా చేయాలంటే మనుషులు కావాలి, నాటుబాంబులు కావాలి. ఆ మనుషులను మేపడానికి మళ్లీ సారా డబ్బే కావాలి. సీమ ఫ్యాక్షన్‌కు భూమి, నీళ్లు, ఊరి పెత్తనం కారణాలైతే, దాన్ని బతికించిన డబ్బులో సారా కాంట్రాక్టుల డబ్బూ ఉంది. అప్పుడు సారా దొంగసరుకు కాదు. ప్రభుత్వ ముద్ర ఉన్న సరుకే. ఆ ముద్ర నేరాన్ని ఆపలేదు సరికదా, నేరం చేసేవాడికి గౌరవం తెచ్చిపెట్టింది.

తర్వాత నిషేధమూ చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. మన కర్నూలు జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్లు తిరిగాక, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. కర్ణాటక మన పక్కనే ఉంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం, హిందూపురం సరిహద్దుల్లో ఇటు బందు పెడితే అటు నుంచి సరుకు రాకుండా ఎవరాపగలరు? ఆ తర్వాతా అదే కథ. 2020 మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలు ఏకంగా 75 శాతం పెంచితే, కర్ణాటక టెట్రా ప్యాకెట్లు పాలక్యాన్లలో, కూరగాయల మూటల్లో దాటివచ్చాయి. అదే వేసవి తర్వాత ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. నిషేధించినా, ధర పెంచి దూరం చేసినా, అలవాటుపడ్డ మనిషి మానడు. ఇంకా ప్రమాదకరమైనదాని వైపు పోతాడు.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం బెల్టు షాపు. లైసెన్సు ఉన్న దుకాణానికి టైము ఉంది, వయసు నిబంధన ఉంది, బడికి గుడికి ఎంత దూరంలో ఉండాలో లెక్క ఉంది. అదే దుకాణం నుంచి పెట్టెలు బయల్దేరి ఊరి కిరాణా కొట్టులో, కొన్నిచోట్ల ఇంటి వసారాలో తెల్లవారుజామునే దొరుకుతాయి. అడిగినవాడి వయసు ఎంతో ఎవరూ చూడరు. ఏ పార్టీ ప్రభుత్వమైనా బెల్టు షాపులు లేవంటూనే ఉంది, అవి నడుస్తూనే ఉన్నాయి. ఇలాంటి యంత్రాంగం చేతికి గంజాయి లైసెన్సు ఇస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మద్యం ఆదాయం మీద ఖజానా ఎంత ఆధారపడిందో అందరికీ తెలుసు. ఒకసారి గంజాయి పన్ను రుచి మరిగితే, వాడకం తగ్గించాలన్న మాట ఏ ప్రభుత్వం నోటా రాదు. అందుకే గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేయడాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం.

ఇక్కడితో ఆగితే మొదటి రకం పాఠకులు సంతోషిస్తారు. మేము ఆగడం లేదు.

పట్టుబడ్డ కుర్రాడి జేబులో ఉన్నది పది గ్రాములే కావచ్చు. చట్టం ప్రకారం కిలో లోపు స్వల్ప పరిమాణం. దానికి ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తాగడానికి విడిగా ఆరు నెలల వరకు శిక్ష. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. కాగితం మీద తేడా బాగానే ఉంది. జీవితంలో ఆ తేడా కనపడదు. ఎఫ్ఐఆర్ పడ్డ రోజే ఆ పిల్లవాడి చదువు ఆగిపోతుంది. వాయిదాలకు తిరగాలి, లాయరు ఫీజుకు అప్పు తేవాలి, ఉద్యోగం వస్తే వెరిఫికేషన్‌లో కేసు బయటపడుతుంది. లోపల నాలుగు వారాలుంటే, అంతకుముందు పొట్లం అమ్మేవాడు మాత్రమే తెలిసిన పిల్లవాడికి సరుకు తెచ్చేవాడు కూడా పరిచయమవుతాడు. నేరాన్ని తగ్గించడానికి వేసిన కేసే కొత్త నేరస్తుణ్ని తయారుచేస్తోంది.

అదే సమయంలో అసలు వ్యాపారి ఎక్కడున్నాడు? కడప పక్కన లంకమల, పాలకొండ అడవుల్లో ఎర్రచందనం కథ మనకు తెలియనిది కాదు. పట్టుబడేది కూలికి వచ్చి చెట్టు నరికినవాడు, లారీ నడిపినవాడు. దుంగల మీద కోట్లు గడించినవాడి పేరు ఎఫ్ఐఆర్‌లో వెతికినా దొరకదు. గంజాయిలోనూ అదే వరస. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన సరుకు బెంగళూరు దిక్కు పోతూ మన 44వ నంబరు హైవే మీద, గుంతకల్లు మీదుగా పోయే రైళ్లలో ప్రయాణం చేస్తుంది. సంచి మోసేవాడు కూలికి వచ్చినవాడే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒకేసారి రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంత సరుకు వెనుక పెట్టుబడి పెట్టింది ఏజెన్సీ గిరిజన రైతు కాదు కదా! అక్రమంగా సంపాదించిన ఆస్తుల జప్తుకు ఈ చట్టంలో ఒక అధ్యాయమే ఉంది. దాన్ని ఎంతమంది మీద ప్రయోగించారో పోలీసు శాఖ జిల్లాలవారీగా చెప్పాలి.

బయటి దేశాల అనుభవం కూడా మా మాటకే బలమిస్తోంది. పోర్చుగల్ 2001లో ఒక మంచి పని చేసింది. పది రోజుల వాడకానికి సరిపడా మత్తు దగ్గర ఉంటే దాన్ని నేరంగా చూడటం మానేసింది. అమ్మకం మాత్రం నేరంగానే ఉంచింది. పట్టుబడ్డవాణ్ని కోర్టుకు కాకుండా ముగ్గురు సభ్యుల కమిటీ ముందుకు పంపింది, అక్కడినుంచి చికిత్సకు దారి చూపింది. సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్లలో హెచ్ఐవీ కేసులు, మత్తు మోతాదు మించి చనిపోయేవాళ్ల సంఖ్య బాగా తగ్గాయి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2021లో అదే బాట పట్టింది. కానీ చికిత్సా కేంద్రాలు సిద్ధం కాకముందే కేసులు ఎత్తేసింది. వంద డాలర్ల జరిమానా చీటీ రాసి, ఈ నంబరుకు ఫోన్ చేస్తే జరిమానా ఉండదంది. ఫోన్ చేసినవాళ్లు బహు కొద్దిమంది. సరిగ్గా అప్పుడే ఫెంటనిల్ అనే భయంకరమైన మత్తు ఊరూరా పాకింది. వీధులు చూసి జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మత్తు దగ్గర ఉంచుకోవడాన్ని మళ్లీ నేరంగా మార్చారు. థాయ్‌లాండ్ 2022లో గంజాయిని నిషేధ జాబితాలోంచి తీసేసి, వేల దుకాణాలు వెలిశాక, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. కెనడాలో 2018 తర్వాత కేసులు బాగా తగ్గిన మాట నిజమే. దొంగ వ్యాపారం మాత్రం పూర్తిగా పోలేదు. పోర్చుగల్‌ను నిలబెట్టింది కేసు ఎత్తేయడం ఒక్కటే కాదు, ఆసుపత్రి తలుపు తెరిచి ఉంచడం. అక్కడ కూడా తర్వాత చికిత్సకు డబ్బు తగ్గించినప్పుడు పోర్తో నగరంలో పాత సమస్యలు మళ్లీ కనిపించాయి.

మన చట్టంలోనూ ఆ తలుపు ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసై స్వల్ప పరిమాణంతో దొరికిన మనిషి తనంతట తానుగా ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే అతని మీద విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. న్యాయమైన ఏర్పాటు. పిల్లవాడి చేతికి బేడీలు పడ్డ రాత్రి స్టేషన్ బయట కూర్చున్న ఏ తల్లికైనా ఈ సంగతి ఎవరైనా చెబుతున్నారా? చెప్పినా, చికిత్స ఎక్కడ? 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే దేశంలో 3 కోట్ల మందికి పైగా భంగు, గంజాయి, చరస్ వాడుతున్నారని, మద్యం తాగేవాళ్లు 16 కోట్లని చెప్పింది. అందులో మన వాటా మనకుంది. వాళ్ల కోసం కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఅడిక్షన్‌కు విడిగా పడకలు, మానసిక వైద్యులు, కౌన్సెలర్లు కావాలి. డివిజన్ కేంద్రాల్లో వారానికి ఒక రోజైనా ఓపీ నడపాలి. మందుల షాపుల్లో ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా పిల్లల చేతికి అందుతున్న చోట ఔషధ నియంత్రణ అధికారులు దాడులు చేయాలి. గంజాయి దొరక్క వీటికి, పంక్చర్ సొల్యూషన్‌కు, వైట్‌నర్‌కు మళ్లే పిల్లల సంగతి పోలీసుల లెక్కల్లో ఎక్కడా రాదు.

మత్తు రవాణాను అడ్డుకోవడానికి రాష్ట్ర పోలీసుల్లో ఈగల్ విభాగం ఏర్పడ్డాక దాని 1972 ఫోన్ నంబరు బాగా ప్రచారమైంది. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి అది పనికొస్తుంది. సొంత బిడ్డ గురించి ఆ నంబరుకు ఫోన్ చేయాలంటే తండ్రికి భయం వేయడం సహజం. అలాంటివాళ్లకు 14446 అనే జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ ఉంది, అది పోలీసు నంబరు కాదు. ఇన్ని అవగాహన ర్యాలీలు, ఇన్ని ప్రతిజ్ఞలు జరిగాయి. ఈ రెండు నంబర్ల తేడా ఎక్కడా వివరించిన గుర్తు లేదు.

ముగ్గురు కలెక్టర్లను, ముగ్గురు ఎస్పీలను మేము ఒకటి అడుగుతున్నాం. 64ఏ సెక్షన్ ఏం చెబుతుందో, చికిత్స ఎక్కడ దొరుకుతుందో, 14446కు ఫోన్ చేస్తే కేసు పెట్టరని తెలుగులో, ఉర్దూలో, సరిహద్దు మండలాల్లో కన్నడంలో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. ఈ నెలాఖరులోగా ప్రతి పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ ముందు, ప్రతి కాలేజీ హాస్టల్ గోడ మీద అది ఉండాలి. మా వంతుగా, చిన్న పొట్లాలతో దొరికిన విద్యార్థుల ముసుగు ఫొటోలు ఈ రోజు నుంచి మా పేజీల్లో వేయం.