చీటీ ఉందా అమ్మా?

మన దేశంలో చట్టం అక్షరం పొల్లుపోకుండా అమలయ్యే చోటు ఒక్కటైనా ఉందా అని చాలాకాలంగా వెతుకుతున్నాను. చివరికి మా వీధి మలుపులోనే దొరికింది. మెడికల్ షాపు. రోజంతా కాదు లెండి, ఒకే ఒక్క మాత్ర, అదే అత్యవసర గర్భనిరోధక మాత్ర విషయంలో. అదీ ఆడపిల్ల ఒంటరిగా వచ్చి అడిగితేనే. ఆ మాత్రకు చీటీ కావాలని చట్టం ఎక్కడా అనలేదన్న చిల్లర సంగతి వదిలేస్తే, ఆ షాపాయన చట్టభక్తికి నిలబడి దండం పెట్టొచ్చు.

మొన్నో సాయంత్రం బీపీ మాత్రల కోసం వెళ్లాను. నాకన్నా ముందు ముగ్గురున్నారు. మొదటాయన దగ్గుకుంటూ వచ్చి, "మొన్నిచ్చారే, ఆ మూడు రోజుల మాత్ర" అన్నాడు. ఆ మూడు రోజుల మాత్ర పేరు అజిత్రోమైసిన్, యాంటీబయాటిక్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని స్ట్రిప్పు మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. షాపాయన కత్తెర తీసి, గీత చెడకుండా రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. రెండుతో తగ్గితే మూడోది దండగ కదా! రెండోవారు మా కాలనీ రిటైర్డ్ మాస్టారు. నిద్రమాత్రలు, ఒక పది. "పడుకునే ముందే వేసుకోండి మాస్టారూ" అని వైద్య సలహా కూడా ఉచితంగా దొరికింది. మూడోవాడు బైకు ఆపలేదు, హెల్మెట్ తీయలేదు, రెండు వేళ్లు చూపించాడు. షాపాయన అడ్డు ప్రశ్న వేయకుండా నీలం వయాగ్రా మాత్రలు రెండు చిన్న కవర్లో వేసి అందించాడు. వాటికీ చీటీ తప్పనిసరే. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాడు అది వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అయినా మగాడి గుండె గురించి నలుగురిలో అడుగుతామా? పెళ్లయిందా అని అసలే అడగం.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఓ అమ్మాయి పక్కగా నిలబడి ఉంది. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి, మెడలో ఆఫీసు ట్యాగు. కౌంటరు ఖాళీ అయ్యేదాకా చూద్దామని ఆగింది పాపం. ఖాళీ అవుతుంది, ఆమె నోరు తెరుస్తుంది, ఇంకెవరో వస్తారు, ఆమె చటుక్కున "ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్" అంటుంది. మళ్లీ ఖాళీ, మళ్లీ నోరు, మళ్లీ ఎవరో. "బ్యాండేజీలు." ఆ తర్వాత దగ్గు బిళ్లలు, దూది. నా వంతు వచ్చేసరికి ఆమె ముందు ఒక చిన్న ప్రథమ చికిత్స కేంద్రం పేరుకుపోయి ఉంది. నేనూ ఆడదాన్నే కదా అని నా ముందు ధైర్యం చేసి, చివరికి మెల్లగా మాత్ర పేరు చెప్పింది.

"ఏంటమ్మా? కాస్త గట్టిగా."

ఇంకోసారి చెప్పింది. ఈసారి మాస్టారికీ వినిపించింది. ఆయన వెళ్లిపోయాడనే అనుకున్నాను, చిల్లర లెక్కపెట్టుకోవడం ఇంకా అయినట్టు లేదు.

"చీటీ ఉందా అమ్మా?"

"దానికి చీటీ అక్కర్లేదంకుల్."

షాపాయన కౌంటరు మీద రెండు చేతులూ ఆన్చి ముందుకి వంగాడు. ఆమె మొహం వైపు కాదు, కాళ్ల వైపు. మెట్టెలున్నాయా అని. లేవు.

"స్టాకు లేదమ్మా."

ఆయన వీపు వెనక అద్దాల బీరువాలో, రెండో అరలో, మూడు ప్యాకెట్లు నన్నూ ఆమెనూ చూస్తూ కూర్చున్నాయి.

అప్పటినుంచీ నేను ఆ మెట్టెల గురించే ఆలోచిస్తున్నాను. ఎంత గొప్ప పరిపాలనా సంస్కరణ ఇది! డాక్టరు అక్కర్లేదు, పరీక్షలక్కర్లేదు, వంగి చూస్తే చాలు. చీటీ మీదే అమ్మాల్సిన మందులకు చట్టంలో షెడ్యూల్ హెచ్ ఉంది, షెడ్యూల్ ఎక్స్ ఉంది. షెడ్యూల్ 'మె' ఒకటి వెంటనే చేర్చాలని కేంద్రానికి మనవి. ప్యాకెట్టు మీద ఎర్ర గీత బదులు మెట్టెల జత బొమ్మ వేయాలి. వెండివి ఉంటే ఒక మాత్ర. ఇమిటేషన్ మెట్టెలకు చెల్లదు, హాల్‌మార్క్ చూసుకోవాలి. బూట్లు వేసుకుని ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు కౌంటరు ముందు బూట్లు, సాక్సులు విప్పి పాదం చూపించాలి, అందుకో స్టూలు షాపు యాజమాన్యమే వేయాలి. వానాకాలం బురద అంటితే కడుక్కోవడానికి బకెట్, మగ్గు. భర్త పోయి మెట్టెలు తీసేసినవాళ్ల దరఖాస్తులు జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తుంది. క్రైస్తవులు, ముస్లింలు, ఇంకా మెట్టెల ఆచారం లేనివాళ్ల కోసం ఉపసంఘం. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పాదాల ఫొటో అప్‌లోడ్ చేయాలి, సైజు 200 కేబీ మించకూడదు.

ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని తేలింది. అంటే పదిహేడేళ్ల పిల్లకు అర్హత ఉంటుంది, వంగి చూడగానే వెండి మెరుస్తుంది. ఇరవై ఐదేళ్లొచ్చి, సొంత జీతంతో ఇంటికి డబ్బు పంపే పిల్లకు ఉండదు. సంస్కృతి అంటే ఇలా ఉండాలి.

చట్టం సంగతి కూడా ఓ ముక్క చెప్పుకుందాం, పెద్దగా పని లేకపోయినా. లెవోనోర్‌జెస్ట్రెల్ అనే ఈ మాత్రను చీటీ లేకుండా అమ్మొచ్చని 2005లోనే తేల్చారు. 2007కల్లా టీవీ ప్రకటనలతో సహా బజారులోకొచ్చింది. 2011లో ప్రభుత్వమే దీన్ని ఆశా కార్యకర్తల చేతికిచ్చి, 2 రూపాయలకు గడప దగ్గరే ఇవ్వమంది. ఇంత జరిగాక 2024లో, దీనికి ప్రిస్క్రిప్షన్ పెట్టాలా వద్దా అని మళ్లీ చర్చ మొదలైంది. నియమం మారలేదు. అయినా ఆ వార్త చదివిన మా వాట్సాప్ గ్రూపు పెద్దలు "ఇప్పటికైనా మేల్కొన్నారు" అని పూలగుత్తులు పంపుకున్నారు. తమిళనాడుకు ఈ గొడవే లేదు. ఏ కాగితం మీదా నిషేధం లేకుండానే అక్కడ చాలా షాపులు ఏళ్ల తరబడి దీన్ని తెప్పించడమే మానేశాయి.

పూలగుత్తుల వాదన ఒక్కటే. సులువుగా దొరికితే ఆడపిల్లలు అలుసుగా తీసుకుంటారు, విచ్చలవిడితనం పెరుగుతుంది. నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గ్యాస్ పొడి ప్రతి కిళ్లీ కొట్టులో దొరకబట్టే కదా ఈ రాష్ట్రంలో మిర్చి బజ్జీల విషయంలో నైతిక విలువలు ఇంత దిగజారాయి! పెళ్లి భోజనంలో ఐదో గారె వేసుకునే ప్రతి పెద్దమనిషి జేబులోనూ ఓ పచ్చ సాచెట్ ఉంటుంది. దాన్ని చీటీ మీదే అమ్మండి. ఏ గారెకు, ఎవరి పెళ్లిలో, భార్య అనుమతితోనా అని రాయించుకోండి. విందులు తగ్గుతాయో లేదో చూద్దాం.

మనమే ఇంత ముందున్నామని మురిసిపోనక్కర్లేదు, జపాన్ మనకు తాత. వయాగ్రాకు అక్కడ దరఖాస్తు పెట్టిన ఆరు నెలలకే 1999 జనవరిలో అనుమతి దొరికింది. ఆడవాళ్లు రోజూ వేసుకునే తక్కువ మోతాదు గర్భనిరోధక మాత్ర దశాబ్దాల పాటు బల్లల మీద పడి ఉండి, అదే ఏడాది జూన్‌లో గానీ బయటపడలేదు. మగాళ్లది తేలాక ఇక ఆపడానికి మొహం చెల్లలేదేమో. ఈ అత్యవసర మాత్రను 2023 చివర్లో కొన్ని ఫార్మసీల్లో చీటీ లేకుండా ప్రయోగాత్మకంగా అమ్మినప్పుడు, ఫార్మసిస్టు ఎదుటే మింగి చూపించాలన్నారు. దొంగతనం పట్టుబడ్డ పిల్లాడి చేత ఆముదం తాగించినట్టు.

ఇక ఆరోగ్యం. ఇది కాస్త మర్యాదగల వాదన కాబట్టి మర్యాదగానే ఒప్పుకుంటాను. ఈ మాత్ర రోజూ వాడేది కాదు. కడుపులో తిప్పొచ్చు, నెలసరి అటూ ఇటూ కావొచ్చు. సుఖవ్యాధుల్ని ఆపదు. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. అండం విడుదలను వాయిదా వేస్తుందే తప్ప అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయలేదు. అబార్షన్ మాత్రలు వేరు, వాటికి డాక్టరు ఉండి తీరాలి. ఇదంతా చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం కోసమే ఫార్మసిస్టు అనే మనిషిని చదివించారు. మా షాపులోనూ ఉన్నాడు, గోడ మీద, ఫ్రేములో, సర్టిఫికెట్టు రూపంలో. ఎనిమిదేళ్లుగా ఆ కాగితానికి వేలాడుతున్న ప్లాస్టిక్ దండనే చూస్తున్నాను, మనిషిని చూడలేదు. టీవీలో చెప్పొచ్చు కదా అంటారా? కండోమ్ ప్రకటనలే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా వేయొద్దని 2017 డిసెంబరులో ఆదేశించారు. పగలు చెప్పొద్దంటాం. షాపులో చెప్పం, ఇంట్లో అసలే చెప్పం. ఆ తర్వాత "ఈ కాలం పిల్లలకు అవగాహన తక్కువండీ" అని చప్పరిస్తాం.

సరే, చీటీ తప్పనిసరి అయిందనుకోండి. శుక్రవారం రాత్రి కండోమ్ చిరిగింది. శనివారం హాస్టల్ నుంచి బయటికి రావాలంటే కారణం రాయాలి. ఆదివారం డాక్టరుగారు రారు. సోమవారం పొద్దున ఓపీ కౌంటరులో రాసుకునే అబ్బాయి "ఏం ప్రాబ్లమమ్మా?" అని హాలంతా వినపడేలా అడుగుతాడు, తప్పు అతనిది కాదు, రిజిస్టర్లో గడి ఉంది మరి. క్యూలో ఇద్దరి వెనక వాళ్ల ఊరి పిన్ని. లోపల డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసి, "మీ అమ్మగారిని తీసుకుని రా" అంటుంది. రాత్రికి 72 గంటలు పూర్తి. ఆరు వారాల తర్వాత అదే డాక్టరమ్మ చీటీ రాస్తుంది, స్కానింగ్‌కి.

2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, 20 నుంచి 24 వారాల మధ్య అబార్షన్ విషయంలో పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అని తేడా చూపడం కుదరదంది. 24 వారాలప్పుడు కోర్టు చూపని తేడా, 24 గంటలప్పుడు మా షాపాయన కౌంటరు మీద వంగి చూపిస్తున్నాడు.

ఆడవాళ్ల ఆరోగ్యం మీద బెంగ అన్నారు కదా. ఇక్కడికొచ్చేసరికి నాకు వ్యంగ్యం సరిగా రావడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కడుపు కోయించుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు, అది పది నిమిషాల పనే అయినా. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చచ్చిపోయారు. ఆ నలుగురి పేర్లు మీకు గుర్తున్నాయా? నాకు లేవు, వెతికి చూడాల్సి వచ్చింది. ఒక మాత్ర వల్ల కడుపులో తిప్పుతుందని కంగారుపడే ఈ పెద్దమనుషుల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ రోజు మా గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. ఆడదాని ఒంట్లోకి కత్తి వెళ్తే మీకు ఆరోగ్యం గుర్తురాదు. ఆమె చేతిలోకి మాత్ర వెళ్తే గుర్తొస్తుంది. మీ బెంగ మాత్ర మీద కాదు, చేతి మీద.

ఆ అమ్మాయికి ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. ఇష్టంతో జరిగిందో, బలవంతంగా జరిగిందో, భయపడి ఊరికే దగ్గర ఉంచుకుందామనుకుందో. షాపాయనకూ తెలియదు. ఇద్దరికీ తెలుసుకునే హక్కు లేదు. ఆమె ఓఆర్ఎస్, బ్యాండేజీలు, దగ్గు బిళ్లలు, దూది, అన్నింటికీ డబ్బు కట్టి వెళ్లిపోయింది. నేనేం చేశానంటారా? నా బీపీ మాత్రలు తీసుకున్నాను. ఆ షాపులో నాకు పదిహేను శాతం డిస్కౌంటు ఉంది, ఇంటికి తెచ్చిస్తారు కూడా. అలాంటివాళ్లతో గొడవెందుకనిపించింది.

రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి ఆ మాత్ర నేనే అడిగాను. షాపాయన కళ్లు అలవాటుగా కిందికి దిగాయి, నా మెట్టెల దగ్గర ఆగి పైకొచ్చాయి. చీటీ ఊసు లేదు. స్టాకు కూడా ఒక్క రాత్రిలో వచ్చేసింది. న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేయబోతే, "కవరొద్దండీ" అన్నాను.

"బాగోదండీ."

"పర్లేదండీ."

ప్యాకెట్టు అరచేతిలో పట్టుకునే ఇంటిదారి పట్టాను. కర్రీ పాయింటు దగ్గర ఆగి పప్పు, దొండకాయ వేపుడు చెప్పాను. ఆ అమ్మాయికి ముప్పై ఉంటాయి, ఇద్దరు పిల్లలు, మొగుడు ఆటో. పప్పు కవరుకు రబ్బరుబ్యాండు వేస్తూ నా చేతి వైపు చూసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, అదెంత?"

"వంద పైమాటే. నువ్వు వంద పెట్టడమెందుకు, మీ ఆశా దగ్గర రెండు రూపాయలకే ఉంటుందట, అడగలేకపోయావా?"

"ఆశా మా తోడికోడలే కదక్కా" అంది.

ప్యాకెట్టు తక్కెడ పక్కన పెట్టాను. వేపుడు కవరు కట్టి ఇచ్చేలోపు అది మాయమైంది. పప్పుకు డబ్బులు తీసుకోలేదు.