మంచు ఉంటేనే కదిలే స్లెడ్డు గారికి

మంచు మీద జారే చక్రాల్లేని బండి, మహారాజశ్రీ స్లెడ్డు గారి దివ్యసముఖానికి, విజయవాడ కృష్ణలంక నుంచి వ్రాసుకొన్న విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. మే నెల గనక ఆ మాటని కాస్త తగ్గించి చదువుకోండి. మిట్టమధ్యాహ్నం బ్యారేజీ రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే చర్మం అక్కడే ఉండిపోయేలా ఉంది. మీరు మాత్రం మా వీధిలో ఇంటింటా వెలిశారు. పిల్లలు చొక్కాలు విప్పేసి కూలర్‌కి అడ్డంగా కూర్చుని, వీడియో గేమ్ తెర మీద మిమ్మల్నెక్కి మంచుకొండలు దిగుతున్నారు. కరెంటు పోతే కొండా పోతుంది, మీరూ పోతారు, చెమట మాత్రం ఉంటుంది.

2006లో స్లొవేనియా విద్యార్థి ఒకాయన లైన్ రైడర్ అనే ఆట చేశాడు. గీత గీస్తే చాలు, బాష్ అనే బుల్లి మనిషి మీ మీద కూర్చుని దాని వెంట జారతాడు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. జనం రాత్రుళ్లు మేలుకుని గీతలు గీశారు. సరే, అది కళ అనుకుందాం. క్లబ్ పెంగ్విన్ అనే ఆన్‌లైన్ ఆటలో పెంగ్విన్లకి కూడా మీ పందేలు పెట్టారే, దాన్నేమనాలి? పొట్ట మీద జారడం పుట్టుకతో వచ్చిన జీవికి బండి అంటగట్టగలిగిన మీకు, మా బీసెంట్ రోడ్డులో ఏ కొట్టువాడైనా కళ్లు మూసుకుని కౌంటర్ అప్పగిస్తాడు.

అసలు మీరు చేసే పనేమిటండీ? కిందకి లాగేది వాలు. జార్చేది మంచు. లూజ్ అనే స్లెడ్డు పందెంలో మనిషి వెల్లకిలా పడుకుని, పిక్కలతో మీ అడుగు పట్టీలని నొక్కుతూ, భుజాలు కదుపుతూ దారి మళ్లించుకుంటాడు. స్కెలిటన్ అనే పందెంలో బోర్లా పడుకుని తల ముందుపెట్టి పోతాడు. గంటకి 130 కిలోమీటర్లు దాటే ఆ వేగంలో మీకు బ్రేకు కూడా లేదు. ఆపడానికి మళ్లీ మనిషి కాళ్లే దిక్కు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే జార్జియా కుర్రాడు నోదార్ కుమారితష్విలి సాధనలో ట్రాక్ మీంచి ఎగిరి, స్తంభానికి కొట్టుకుని పోయాడు. ఇరవై ఒక్కేళ్లు. అక్కడ నాకు వెటకారం రాదు.

మంచు లేకపోతే మీరేమవుతారో మా శివ కేశవన్‌ని అడగండి. మనాలి పక్క కుర్రాడు. మన దేశంలో లూజ్ ట్రాక్ లేక, మీకు చక్రాలు బిగించి ఘాట్ రోడ్ల మీద లారీల మధ్యన సాధన చేశాడు. అలాగే 1998 నుంచి 2018 దాకా ఆరు వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చాడు. చక్రాలు ఆయనవే, ప్రాణం ఆయనదే, పేరు మీది.

1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి మీ మీద డిఫ్తీరియా మందు చేరిన కథ ఉంది కదా. సుమారు 1,085 కిలోమీటర్లు, ఇరవై మంది తోలేవాళ్లు, నూటయాభై దాకా కుక్కలు, అయిదున్నర రోజులు. అందరికంటే దూరం, అందరికంటే కష్టం టోగో అనే కుక్క ముందుండి లాగిన జట్టుది. ఆఖరి మజిలీ బాల్టో అనే ఇంకో కుక్కది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం బాల్టోకి లేచింది. గోతులు తవ్వినవాడొకడు, రిబ్బన్ కత్తిరించినవాడొకడు, ఇది మా దగ్గరా మామూలే. కానీ మీకు మాత్రం పెట్టలేదు చూశారా, వాళ్ల వివేకానికి దణ్ణం పెట్టాలనిపించింది.

మీకు తెలుసో లేదో, మా వైపు మీకొక పెదనాన్న వరస ఆయన ఉన్నాడు. బండరాయి. కృష్ణా, గుంటూరు ఊళ్లలో సంక్రాంతికీ, తిరునాళ్లకీ ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. కింద మంచు లేదు, నూనె లేదు, వాలు అసలే లేదు. ఎండు నేల మీద ఒంగోలు గిత్తల జత టన్ను పైబడిన బండని కూడా ఈడుస్తుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. మీ వాళ్లు సెకనుని వెయ్యి ముక్కలు చేసి విజేతని తేలుస్తారు. మావాళ్లు టేపు పరిచి అంగుళం దగ్గర కొట్టుకుంటారు. ఎడ్లని వయసుని బట్టి విభాగాలు చేస్తారు, అది కూడా నోరు తెరిచి చూసి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఎద్దుల్ని ఎవరడిగారంటారా? మీ కుక్కల్ని ఎవరడిగారు?

ఈ పోటీ మీద వీడియో గేమ్ చేసిన మహానుభావుడు నా కంటికి కనపడలేదు. చేస్తే మా పిల్లలు ఆడతారా అంటే, అదీ అనుమానమే. బండ కదలడానికే అరనిమిషం పడుతుంది, అప్పటికి వాళ్లు ఇంకో ఆటలోకి పోతారు.

కాబట్టి వచ్చే సంక్రాంతికి తమరు తప్పక రావాలి. మా బండ పక్కనే మీకూ చోటు చూపిస్తాం. అదే నేల, అదే ఎండ. కుక్కల్ని కూడా తెచ్చుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే వాటి పళ్లు ముందే లెక్కపెట్టించుకుని రండి. ఏ విభాగంలో రాసుకోవాలో మా కమిటీవాళ్లు నోరు తెరిచి చూడమంటే ఇబ్బంది.

ఇట్లు,
మంచు చూడని మీ అభిమాని