సవరణ: బజ్‌కాక్స్ వాయించింది జూన్‌లో కాదు, జులైలో

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పంక్ రాక్ సంగీతం మీద ముందు పెట్టిన పోస్టులో, 1976 జూన్ 4న ఆ ఊరి లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో లండన్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ కంటే ముందు అక్కడి బ్యాండ్ బజ్‌కాక్స్ వాయించారని ఉంది. అది సరికాదు. ఆ కచేరీ ఏర్పాటు చేసింది మాత్రం బజ్‌కాక్స్‌కి చెందిన హోవార్డ్ డివోటో, పీట్ షెల్లీలే. కానీ అప్పటికి బ్యాండే పూర్తిగా కుదరలేదు. బేస్ గిటార్ వాయించడానికి స్టీవ్ డిగల్ వాళ్లకు దొరికింది ఆ రాత్రే. వాళ్లు అదే హాల్‌లో వేదికెక్కింది జులై 20న.

బజ్‌కాక్స్ తొలి రికార్డు ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డింగ్ 1976 డిసెంబర్ 28న జరిగింది, విడుదల 1977 జనవరిలో. అప్పు చేసిన డబ్బుతో, సొంత లేబుల్ మీద, తొలి విడతగా 1,000 కాపీలు వేశారు. పాటలు కట్టేవాళ్లు అందులోని ‘బోర్‌డమ్’ తప్పకుండా వినాలి: గిటార్ సోలో మొత్తం రెండే స్వరాల మీద నడుస్తుంది. విసుగు గురించిన పాటకు అంతకంటే సరైన సోలో ఇంకోటి ఉండదు.